కనురెప్ప, కన్నీటి నాళం ఆపరేషన్లలో మచ్చ: ఏ పద్ధతి ఎవరికి తగినది?

కంటి దగ్గర ఆపరేషన్ అనగానే, అందులోనూ పెళ్లీడుకు వచ్చిన అమ్మాయికో అబ్బాయికో అయితే, ఇంట్లోవాళ్లు డాక్టరును మొదట అడిగేది మచ్చ పడుతుందా అనే. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయనవసరం లేదు. అయితే అందులో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి చర్మం మీద కనిపించే గీత. రెండవది, కోసిన చోట లోపలి కణజాలం మానే క్రమంలో గట్టిపడి ముడుచుకొని, రెప్పను లాగడమో, కొత్తగా తెరిచిన కన్నీటి దారిని పూడ్చడమో చేసే మచ్చ. మొదటిది చాలామందిలో కొన్ని నెలలకు వెతికితే తప్ప కనిపించని స్థితికి వస్తుంది. రెండవది కన్ను పూర్తిగా మూతపడకుండా చేయగలదు, ఆపరేషన్‌నే విఫలం చేయగలదు. అందువల్ల పద్ధతులను పోల్చేటప్పుడు గీత ఎక్కడ పడుతుందన్నదానితో పాటు లోపల ఏది ముడుచుకునే ప్రమాదం ఉందో కూడా అడిగి తెలుసుకోవాలి. ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే రెండవదానికే ఎక్కువ భయపడాలని నా అభిప్రాయం.

కనురెప్ప చర్మం శరీరం మొత్తంలోకీ పలుచనిది. దాని మందం 1 మి.మీ. కన్నా తక్కువ. దాని కింద కొవ్వు పొర దాదాపుగా ఉండదు, రక్తప్రసరణ మాత్రం సమృద్ధిగా ఉంటుంది. అందుకే రెప్ప మీది గాయం త్వరగా, సన్నగా మానుతుంది. చెవి తమ్మె మీదా, ఛాతీ మీదా కెలాయిడ్ (గాయం హద్దు దాటి ఉబ్బి పెరిగే మచ్చ) వచ్చే స్వభావం ఉన్నవారికి కూడా రెప్ప మీద అది రావడం చాలా అరుదు. కానీ కంటి లోపలి మూల దాటి ముక్కు వైపు జరిగేకొద్దీ చర్మం మందమవుతుంది, నూనె గ్రంథులు పెరుగుతాయి, పైగా ఆ చోటు గుంటగా ఉంటుంది. కాబట్టి మచ్చ విషయంలో అసలు చిక్కు రెప్పతో కాదు, కన్నీటి సంచి ఉన్న ఆ మూలతోనే.

నీరు కారే కంటికి: బయటి నుంచా, ముక్కులో నుంచా?

కన్నీటి నాళం మూసుకుపోయి ఎప్పుడూ నీరు కారుతూ, మూలన నొక్కితే పుసి లేదా చీము వస్తూ ఉంటే పెద్దవారికి చేసే ప్రధాన ఆపరేషన్ డీసీఆర్ (డాక్రియోసిస్టోరైనోస్టమీ). మూసుకుపోయిన నాళాన్ని తెరవడానికి ప్రయత్నించకుండా, కన్నీటి సంచికీ ముక్కుకూ మధ్యనున్న ఎముకను కొంత తొలగించి, రెండింటినీ నేరుగా కలిపి కన్నీటికి అడ్డదారి ఏర్పాటు చేస్తారు. చర్మం మీద కోతతో చేసే పద్ధతిని ఇటలీకి చెందిన అడ్డెయో టోటి 1904లో వివరించాడు. తరువాతి తరాలు సంచి పొరనూ ముక్కు పొరనూ కుట్లతో కలపడం వంటి మెరుగులు దిద్దాయి గానీ మూలసూత్రం నేటికీ అదే. ముక్కులో నుంచి చేయాలన్న ఆలోచన అంతకన్నా పాతదే అయినా, లోపలి భాగాలను చూపే సన్నని గొట్టాలు, అంటే ఎండోస్కోపులు, అందుబాటులోకి వచ్చిన తరువాత, 1980ల చివరి నుంచి మాత్రమే అది నమ్మదగిన పద్ధతిగా ఎదిగింది.

బయటి నుంచి చేసే డీసీఆర్‌లో కోత సాధారణంగా 10 నుంచి 15 మి.మీ. పొడవుంటుంది. ఇక్కడ మచ్చను నిర్ణయించేది పొడవు కన్నా స్థానం. కంటి లోపలి మూలకు మరీ దగ్గరగా, గుంట మీదుగా కోస్తే, మానేటప్పుడు ఆ గీత విల్లుకు కట్టిన నారిలా బిగుసుకొని, మూలన చర్మం అడ్డంగా లేచినట్లు కనిపిస్తుంది. మూల నుంచి సుమారు 10 మి.మీ. దూరంలో, ముక్కు పక్కనున్న చదునైన చోట నిలువుగా కోస్తే ఈ బిగుసుకునే గుణం చాలావరకు తగ్గుతుంది. అక్కడ ఒక సిర నిలువుగా పోతుంది. దాన్ని తప్పించకపోతే రక్తస్రావమై వాపూ కమిలినట్లుండే రంగూ ఎక్కువ రోజులు ఉంటాయి. కొందరు సర్జన్లు కింది రెప్ప కింద, చర్మం సహజంగా మడత పడే రేఖ వెంట ఏటవాలుగా కోస్తారు. మడతలో కలిసిపోతుంది గనుక అది చూపుకు బాగుంటుంది, ముఖ్యంగా వయసు మళ్లినవారిలో. రెప్ప వెంట్రుకల దిగువనే కోసే మరొక పద్ధతి గీతను ఇంకా బాగా దాస్తుంది గానీ, దానితో కింది రెప్ప కొద్దిగా కిందికి లాగబడే ప్రమాదం కూడా వస్తుంది. గీతను దాచబోయి రెప్పను జారవిడుచుకోవడం తెలివైన బేరం కాదు.

ముక్కులో నుంచి చేసే ఎండోస్కోపిక్ డీసీఆర్‌లో చర్మం మీద గీత అసలే ఉండదు. రెప్ప మూసినప్పుడల్లా కన్నీటిని సంచిలోకి తోసే కండరం తెగదు. ముక్కు మధ్య గోడ వంకరగా ఉంటే అదే ఆపరేషన్‌లో సరిచేయవచ్చు. సంచికి తీవ్రంగా చీము పట్టి చర్మం ఎర్రగా ఉబ్బి ఉన్నప్పుడు ఆ చర్మాన్ని కోస్తే సరిగా మానకపోవచ్చు, శాశ్వతంగా కారే రంధ్రం కూడా మిగలవచ్చు. అటువంటప్పుడు లోపలి దారి స్పష్టంగా మెరుగు. అంతా ఇంత అనుకూలమైతే అందరికీ ఇదే చేయకూడదా అనిపించడం సహజం. చిక్కు ఎక్కడంటే, మచ్చ మాయం కాలేదు, ముక్కులోకి మారింది. కొత్త దారి అంచుల్లో కణజాలం పెరిగి, ముక్కు గోడకు అంటుకొని దారి మూసుకుపోవడమే ఈ ఆపరేషన్ విఫలమయ్యే ప్రధాన కారణం. అందుకే తరువాతి వారాల్లో ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడమూ, డాక్టరు ఎండోస్కోపుతో చూసి పక్కులు శుభ్రం చేయడమూ ఆపరేషన్‌లో భాగమే. దూరాన ఉన్న ఊరి నుంచి మళ్లీ మళ్లీ రాలేనివారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఫలితాల విషయంలో అనుభవం ఉన్న చేతుల్లో రెండు పద్ధతులూ దాదాపు సమానమే. రెండింటిలోనూ పదిమందిలో తొమ్మిదిమంది వరకు ఉపశమనం పొందుతారు. ఖర్చులో, మత్తులో తేడా ఉంది. బయటి పద్ధతిని ఆ చోటికి మాత్రమే మత్తిచ్చి చేయవచ్చు, ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. గుండె జబ్బు ఉన్న పెద్దవారికి అది పెద్ద సౌలభ్యం. ఎండోస్కోపిక్ పద్ధతికి పూర్తి మత్తు ఇచ్చే సందర్భాలు ఎక్కువ, పరికరాలు కావాలి, చేసే డాక్టరుకు అందులో ప్రత్యేక శిక్షణ ఉండాలి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కన్నీటి మార్గపు వ్యాధులకే ప్రత్యేకమైన విభాగం ఉంది. కానీ రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లా కేంద్రంలో ఆ స్థాయి సదుపాయం ఉంటుందని ఆశించలేము.

నా సలహా ఇలా ఉంటుంది. వయసు ముప్పై లోపు, ముఖం మీద గీత గురించి నిజంగా బెంగ ఉంది, మళ్లీ చూపించుకోవడానికి రాగలరు, చేసే డాక్టరు ఎండోస్కోపిక్ డీసీఆర్‌లను క్రమం తప్పకుండా చేస్తున్నవారు అయితే, లోపలి పద్ధతినే ఎంచుకోవాలి. అరవై దాటినవారిలో ముడతల మధ్య గీత ఇట్టే కలిసిపోతుంది, కళ్లజోడు కూడా దాన్ని కప్పుతుంది; వారు కేవలం గీత భయంతో పూర్తి మత్తుకూ అదనపు ఖర్చుకూ సిద్ధపడనవసరం లేదు. దగ్గరలో చేయి తిరిగిన సర్జన్ బయటి పద్ధతి మాత్రమే చేసేవారైతే, అప్పుడప్పుడు ఎండోస్కోపు పట్టుకునేవారికన్నా ఆయన దగ్గర చేయించుకోవడమే మేలు. ఇక కన్నీటిలో రక్తపు జీర కనిపిస్తున్నా, లోపలి మూలకు పైభాగాన గట్టి గడ్డ తగులుతున్నా అది కణితి కావచ్చు. అక్కడ మచ్చ ప్రస్తావనే వద్దు. ముందు స్కాన్, తరువాత నేరుగా చూసి ముక్క పరీక్షకు తీసే అవకాశం ఉన్న పద్ధతి.

లేజరుతో మచ్చలేని డీసీఆర్ అనే ప్రకటనలు కూడా కనిపిస్తుంటాయి. కన్నీటి రంధ్రం ద్వారా సన్నని లేజర్ తీగను పంపి ఎముకలో దారి చేసే పద్ధతి అది. గీత ఉండదు, సమయం తక్కువ, రక్తస్రావం తక్కువ. కానీ ఏర్పడే దారి చిన్నది, వేడికి చుట్టూ మచ్చకణజాలం ఏర్పడే స్వభావమూ ఉంది. అందువల్ల కాలం గడిచేకొద్దీ మూసుకుపోవడం మిగిలిన రెండు పద్ధతులకన్నా ఎక్కువ. రక్తం పలచబడే మందులు మానలేని, పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని కొందరికి దాన్ని ఆలోచించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులకు మచ్చ ఒక్కటే కారణంగా సూచిస్తే మాత్రం రెండో అభిప్రాయం తీసుకోవాలి.

పసిపిల్లల సంగతి వేరు. పుట్టుకతో నాళం తెరుచుకోని పిల్లల్లో అత్యధికులకు మూలన చేసే మర్దనతోనే మొదటి ఏడాది లోపు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే సన్నని కడ్డీతో దారి తెరుస్తారు. దానికి చర్మం కోయవలసిన పనే లేదు.

పై రెప్ప: మడతలో దాచడమా, రెప్ప వెనుక నుంచా?

పై రెప్పకు ప్రకృతి ఇచ్చిన సౌకర్యం దాని మడత. వాలిన రెప్పను ఎత్తడానికైనా, వేలాడే అదనపు చర్మాన్ని తీయడానికైనా ఆ మడత రేఖలోనే కోస్తే, కన్ను తెరిచినప్పుడు గీత లోపలికి మడిచిపోతుంది. ఆ మడత వెంట్రుకల నుంచి స్త్రీలలో సుమారు 8 నుంచి 10 మి.మీ. ఎత్తున, పురుషులలో 6 నుంచి 8 మి.మీ. ఎత్తున ఉంటుంది. ఒక కంటికే ఆపరేషన్ అయితే రెండో కంటి మడతను కొలిచి దానికి సరిపోయేలా గీయాలి. ఇక్కడ 2 మి.మీ. తేడా కూడా అద్దంలో కనిపిస్తుంది. ఎదుటివారు గమనించేది మచ్చను కాదు, రెండు కళ్లూ ఒకలా లేకపోవడాన్ని.

రెప్ప వాలిపోవడం స్వల్పంగా ఉండి, రెప్పను తాత్కాలికంగా ఎత్తే ఫినైలెఫ్రిన్ అనే మందు చుక్క వేసి చూసినప్పుడు రెప్ప కాస్త పైకి లేస్తే, రెప్ప వెనుక వైపు నుంచి, అంటే లోపలి పొర మీదుగా, ఆపరేషన్ చేయవచ్చు. బయట గీత ఉండదు, మడత ఆకృతి చెదరదు. అయితే ఈ దారిలో అదనపు చర్మాన్ని తీయలేరు, మొదటి రోజుల్లో లోపలి కుట్లు నల్లగుడ్డుకు రాసుకొని గరగరలాడవచ్చు, కన్ను బాగా పొడిబారినవారికి ఇది అంతగా నప్పదు. చుక్కల పరీక్ష చేయకుండానే ఈ పద్ధతిని సిఫారసు చేస్తే ఎందుకని అడగడంలో తప్పులేదు.

పుట్టుకతోనే రెప్పను ఎత్తే కండరానికి బలం దాదాపు లేని పిల్లలకు రెప్పను నుదుటి కండరానికి తగిలించే స్లింగ్ ఆపరేషన్ చేస్తారు. కనుబొమ పైన చిన్న చిన్న గాట్లు తప్పవు. వాటిని బొమ వెంట్రుకల అంచున, వెంట్రుకలు వాలిన దిశలోనే బ్లేడును వాల్చి కోస్తే బాగా కలిసిపోతాయి. తల్లిదండ్రులు అడగని ప్రశ్న ఒకటుంది: తగిలించేది ఏమిటి? సిలికాన్ కడ్డీ అయితే మరో గాయం ఉండదు గానీ కాలక్రమంలో జారడమో తెగడమో జరగవచ్చు. తొడ నుంచి తీసిన పొర అయితే మన్నిక ఎక్కువ, కానీ తొడ మీద మరొక మచ్చ మిగులుతుంది. పాపను పరీక్షించిన డాక్టరు కంటి చూపు మందగించే ప్రమాదం ఉందన్నప్పుడు మచ్చ గురించి వాయిదా వేయకూడదు. వాలిన రెప్ప కనుపాపను కప్పి ఉంచితే ఆ కన్ను చూడటం నేర్చుకోదు, తరువాత ఎంత అందంగా ఎత్తినా పోయిన చూపు పూర్తిగా రాదు.

అదనపు చర్మం తీసే బ్లెఫరోప్లాస్టీలో గీతను ముక్కు వైపు కన్నీటి రంధ్రం దాటి లాగకూడదు. దాటితే మళ్లీ అదే గుంటలోకి వెళ్లి చర్మం బిగుసుకుంటుంది. ఎంత తీస్తారన్నది ఇంకా ముఖ్యం: బొమ దిగువ అంచు నుంచి వెంట్రుకల వరకు కనీసం 20 మి.మీ. చర్మం మిగలాలన్నది సర్జన్లు పాటించే లెక్క. అంతకన్నా తక్కువ మిగిల్చితే గీత ఎంత సన్నగా మానినా నిద్రలో కన్ను పూర్తిగా మూతపడకపోవచ్చు.

కింది రెప్ప: చర్మం అదనంగా ఉందా లేదా?

కంటి కింది సంచుల్లో ఉన్నది కొవ్వు మాత్రమేనా, వేలాడే చర్మం కూడానా అన్నదే ఇక్కడ నిర్ణయించే అంశం. కొవ్వు మాత్రమే అయితే రెప్ప లోపలి పొర నుంచి తీయడం ఉత్తమం. ఫ్రాన్సుకు చెందిన బూర్గె 1924లోనే ఈ దారిని వర్ణించాడు. చర్మం మీద గీత ఉండకపోవడం దీని చిన్న లాభం. రెప్పను నిలబెట్టే కండరపు పొరకు గాయం కాకపోవడం పెద్ద లాభం. చర్మం కూడా తీయాలంటే వెంట్రుకల దిగువన 2 మి.మీ. దూరంలో కోసే పద్ధతి ఉంది. ఆ గీత కొన్ని నెలలకు దాదాపు కనిపించదు. భయపడవలసింది లోపలి ముడుత రెప్పను కిందికి లాగి, తెల్లగుడ్డు ఎక్కువగా కనిపించేలా చేయడానికి. పరీక్షలో వేలితో కింది రెప్పను లాగి వదిలితే వెంటనే వెనక్కి అతుక్కోకపోతే రెప్ప వదులుగా ఉన్నట్లు. అటువంటివారికి అదే ఆపరేషన్‌లో బయటి మూలన రెప్పను బిగించకుండా చర్మం తీయడం ఇబ్బందులు కోరి తెచ్చుకోవడమే.

రెప్ప మీది గట్టి కురుపు, అంటే చలాజియన్, సాధారణంగా లోపలి వైపు నుంచే నిలువుగా కోసి శుభ్రం చేస్తారు గనుక బయట మచ్చ ఉండదు. కానీ యాభై దాటినవారిలో అదే చోట మళ్లీ మళ్లీ వస్తున్నా, అక్కడి వెంట్రుకలు రాలిపోతున్నా దాన్ని కురుపుగానే చూడకూడదు. మన దేశంలో కనురెప్పకు వచ్చే క్యాన్సర్లలో నూనె గ్రంథుల క్యాన్సర్‌కు పెద్ద వాటా ఉంది, అది కురుపులా నటిస్తుంది. అక్కడ అంచుల వరకు పూర్తిగా తొలగించడమే లక్ష్యం. రెప్పను తిరిగి కట్టడం, మచ్చను సవరించడం ఆ తరువాతి మాట.

బ్లేడు, కుట్లు, ఆ తరువాతి నెలలు

చర్మాన్ని లేజరుతో కోస్తే మచ్చ తక్కువ పడుతుందన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు. లేజరు, రేడియోఫ్రీక్వెన్సీ పరికరాలు రక్తస్రావాన్ని తగ్గిస్తాయి, అందువల్ల కమిలిన రంగు కాస్త తక్కువగా ఉండవచ్చు. కానీ అంచులను వేడి కొద్దిగా కాలుస్తుంది. పదునైన మామూలు బ్లేడుతో తిన్నగా కోసిన గీత అంతే బాగా మానుతుంది. మచ్చ పేరు చెప్పి లేజరుకు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. కుట్ల దారం సన్నదై ఉండాలి, సాధారణంగా 6-0 లేదా 7-0. తీసే తేదీ అంతకన్నా ముఖ్యం. రెప్ప మీది కుట్లను 5 నుంచి 7 రోజుల్లో తీయించుకోవాలి. పని ఒత్తిడి వల్లనో ఊరు దూరమనో రెండు వారాలు వదిలేస్తే, గీత సన్నగా ఉన్నా దాని రెండు పక్కలా చుక్కల వరుస మిగులుతుంది. తీయించుకోవడానికి ఏడ్చే పిల్లలకు కరిగిపోయే దారం నయం.

మొదటి రెండు రోజులు చల్లని కాపడం, తల కింద రెండు దిండ్లు, డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ చాలు. డీసీఆర్ చేయించుకున్నవారు డాక్టరు చెప్పేవరకు ముక్కు చీదకూడదు, వేడి వేడి కాఫీ, టీ మొదటి రోజు మానాలి. ముక్కుపుడకను ఆపరేషన్‌కు ముందే తీసి ఇంట్లో పెట్టి రావాలి. రక్తం పలచబడే మాత్రలను సొంతంగా ఆపకుండా, గుండె డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. పొగ తాగేవారికి గాయం ఆలస్యంగా మానుతుంది. పసుపు, ఆముదం, కాటుక, నిమ్మరసం వంటివి పెద్దలు ఎంత ప్రేమగా రాసినా పచ్చి గాయం మీద వద్దు.

గాయం పూర్తిగా మూసుకొని కుట్లు తీసిన తరువాత సిలికాన్ జెల్ రోజూ రెండు పూటలా పలుచగా, రెండు మూడు నెలలు రాయవచ్చు. కంటిలోకి పోకుండా చూసుకోవాలి. మూడో వారం నుంచి డాక్టరు అనుమతితో వేలి కొసతో మృదువుగా మర్దన చేస్తే లోపలి ముడుత మెత్తబడుతుంది; కింది రెప్పకు ఇది జెల్ కన్నా ముఖ్యం, దాన్ని ఎప్పుడూ పైకే చేయాలి. మన చామనఛాయ చర్మానికి గీత ఎత్తుగా మానడం కన్నా నల్లబడటం ఎక్కువ సమస్య. ఎండలో తిరిగేవారు కనీసం మూడు నెలలు పెద్ద చలువ కళ్లద్దాలు, టోపీ లేదా గొడుగు వాడాలి. కళ్లజోడు ముక్కు మీద ఆనే మెత్తలు కొత్త గీత మీద నొక్కకుండా వాటిని సర్దించుకోవాలి. నల్లదనం పోవడానికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న తెల్లబరిచే క్రీములు కంటి చుట్టూ రాయకూడదు. వాటిలో చాలావాటిలో ఉండే స్టెరాయిడ్ చర్మాన్ని పలుచబరచడమే గాక కంటిలో ఒత్తిడిని కూడా పెంచగలదు.

నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య గీత మొదటికన్నా ఎర్రగా, గట్టిగా అనిపిస్తుంది. ఆ దశలో చాలామంది కంగారుపడి డాక్టరును మారుస్తారు. అది మానే క్రమంలో భాగమే. మచ్చ చివరి రూపం 6 నెలల నుంచి ఏడాది మధ్య తేలుతుంది. మచ్చను మళ్లీ కోసి సరిచేసే ఆపరేషన్‌ను అంతకు ముందు, రెప్ప మూతపడక నల్లగుడ్డుకు హాని జరుగుతున్న సందర్భంలో తప్ప, చేయించుకోకూడదు. ఆపరేషన్‌కు ముందు రోజు కిటికీ వెలుగులో, కళ్లు తెరిచీ మూసీ తీయించుకున్న ఫోటోలు ఇక్కడ అక్కరకు వస్తాయి. ఆపరేషన్‌కు ముందు నుంచే ఉన్న తేడాను ఆపరేషన్ వల్ల వచ్చినదనుకునే పొరపాటు వాటితోనే తప్పుతుంది.